సేవ చేయడానికి మనమే డబ్బు కట్టాలా?

ప్రశ్న: నా వయసు 22 ఏళ్ళు. మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, నా చదువంతా ఒడియాలో సాగింది. నిరుడు బి.ఎస్సీ. పూర్తి చేశాను. కంబోడియా రాజధాని నాంపెన్‌లో ఒక అనాథాశ్రమంలో ఆరు వారాలు పిల్లలకు ఇంగ్లీషు నేర్పవచ్చని, టూరిస్టు వీసా మీద వెళితే చాలునని, అందుకు లక్షా అరవై వేలు కట్టాలని ఒక ఏజెంటు చెబుతున్నారు. నాన్నగారు ససేమిరా అంటున్నారు. తెలియని నగరంలో ఒంటరిగా ఉండగలనా అన్న బెరుకు నాకూ ఉంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: మీ కోరిక మంచిది, దాన్ని వదులుకోవద్దు. కానీ ఈ ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా కట్టవద్దు.

కంబోడియా అనాథాశ్రమాలలో ఉన్న పిల్లలలో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. డబ్బు కట్టి వచ్చే విదేశీయుల వల్ల ఆశ్రమాలు నడపడం ఆదాయ మార్గమై, పేద కుటుంబాల పిల్లలు వాటిలోకి చేరారు. ఆరు వారాలకు ఒకరు మారిపోతూ ఉంటే ఆ పిల్లల మనసు ఏమవుతుందో నేను మన ప్రాంతంలోనే చూశాను. గిరిజన పిల్లల హాస్టలు ఒకదానికి నగరం నుంచి కొందరు విద్యార్థులు వచ్చి, పది రోజులు ఆటపాటలతో గడిపి వెళ్ళారు. ఆ మరుసటి వారం నేను అక్కడికి వెళ్ళినప్పుడు ఒక చిన్న పిల్ల నా పేరు అడగలేదు, "నువ్వు ఎప్పుడు వెళ్ళిపోతావు?" అని అడిగింది. ఆ మాట ఇప్పటికీ నా మనసులో మెదులుతూనే ఉంది.

నాన్నగారి భయమూ అకారణమైనది కాదు. ఉద్యోగాల పేరిట కంబోడియా, మయన్మార్‌లకు తీసుకుపోయి మన యువతను సైబర్ మోసాల కేంద్రాలలో నిర్బంధించిన ఉదంతాలు ఉన్నాయి, మన విదేశాంగ శాఖ హెచ్చరికలు కూడా జారీ చేసింది. టూరిస్టు వీసా మీద, జీతం లేకపోయినా సరే, పని చేయడం చాలా దేశాలలో నిబంధనలకు విరుద్ధం.

మరి దారి ఏమిటంటే, మీ చేత డబ్బు కట్టించుకోకుండా మీ ఖర్చు తామే భరించే కార్యక్రమాలను చూడండి. ఐక్యరాజ్యసమితి 1970లో స్థాపించిన వాలంటీర్ల కార్యక్రమంలో 18 నుంచి 26 ఏళ్ళ వారికి ప్రత్యేక విభాగం ఉంది. నమోదుకు రుసుము లేదు, ఎంపికైతే జీవన భత్యం, ప్రయాణ ఖర్చు, బీమా ఇస్తారు. పోటీ మాత్రం గట్టిగా ఉంటుంది. మీకు ఇంకా అందుబాటులో కనిపిస్తున్నది జర్మనీ. అక్కడ 27 ఏళ్ళ లోపు వారు వృద్ధాశ్రమాలలోనూ ఆసుపత్రులలోనూ సాధారణంగా ఏడాదిపాటు స్వచ్ఛంద సేవ చేసే పద్ధతి ఉంది. చేతిఖర్చు, ఆరోగ్య బీమా లభిస్తాయి, చాలా చోట్ల వసతి కూడా ఇస్తారు. సంస్థతో ఒప్పందం కుదిరిన తరువాతే వీసాకు వెళ్ళాలి. కొంత జర్మన్ ముందే నేర్చుకోవడం తప్పదు.

భాష విషయంలో మీ ఊరిలోనే ఒక మార్గదర్శి ఉన్నారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనులకు చదువు చెప్పాలనుకున్నప్పుడు, తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే ఉంచుకొని ముందు వారి భాష నేర్చుకున్నారు, ఆ తరువాతే బడులు పెట్టించారు. రెండు భాషల మధ్య పెరిగిన మీకు మూడో భాష నేర్చుకోవడం మరీ కష్టమనిపించదు.

కొత్త నగరంలో ఒంటరితనం మొదటి నెలలోనే ఎక్కువగా బాధిస్తుంది. బసకూ పని చేసే చోటుకూ మధ్య దారిని మొదటి రోజునే పగటిపూట నడిచి చూసుకోండి. పాస్‌పోర్టు ఎవరు అడిగినా వారి చేతిలో ఉంచవద్దు. నకలు ఒకటి ఇంట్లో ఉంచండి. భారత రాయబార కార్యాలయం నంబరు కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి, ఫోను పోయిన రోజున అదే అక్కరకు వస్తుంది.

ఈలోగా పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయండి. ఒప్పంద పత్రం చేతికి వచ్చిన రోజున సంతకం పెట్టక ముందే నాన్నగారి పక్కన కూర్చుని, పని గంటలు, సెలవులు, బస, బీమా, మధ్యలో తిరిగి రావలసి వస్తే టికెట్టు ఎవరిది అన్న వివరాలను ఇద్దరూ కలిసి చదవండి.