కీళ్లవాతం డాక్టరు గురించి రాస్తున్న అమ్మాయికి

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫిలిప్ హెంచ్ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేరాలోనే 'అకుంఠిత దీక్ష', 'వైద్యరంగ ధ్రువతార', 1950 నోబెల్ బహుమతి, మూడూ వచ్చిపడ్డాయి. మొదటి రెండూ కొట్టెయ్, ఏమీ పోదు. నోబెల్‌ని చివరికి నెట్టు. పెళ్లిభోజనంలో ముందే కిళ్లీ ఇచ్చేస్తే ఎవరు కూర్చుంటారు?

1929ని ఒక్క వాక్యంలో దాటించేశావు. నాకు కథంతా అక్కడే కనిపించింది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, రోచెస్టర్ ఊరు, మేయో క్లినిక్. కామెర్లు వచ్చాక తన కీళ్ల నొప్పులు తగ్గిపోయాయని ఒక రోగి హెంచ్‌తో అన్నాడు. ఇంకొకరైతే 'అలాగా' అని మందు రాసి పంపేసేవారు. ఈయన ఆ మాటని వదల్లేదు. కడుపుతో ఉన్న ఆడవాళ్లలోనూ కీళ్లవాతం నెమ్మదించడం చూశాడు. అంటే ఇది మొండిజబ్బేమీ కాదు, దీన్ని అణిచేదేదో ఒంట్లోనే ఉంది అనుకుని, దానికి 'ఎక్స్' అని పేరు పెట్టుకున్నాడు. పిత్త లవణాలు ఇచ్చి చూశాడు, కామెర్లవాళ్ల రక్తం ఎక్కించి చూశాడు. ఏదీ కుదరలేదు. ఆ కుదరని ఏళ్లు నీ వ్యాసంలో ఎక్కడా లేవు. పరిశోధకుడి జీవితంలో ఎక్కువ భాగం అదేనమ్మా.

అక్కడే పనిచేసే రసాయన శాస్త్రవేత్త కెండాల్, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథి నుంచి తీసిన 'కాంపౌండ్ ఇ'ని (తర్వాత కార్టిసోన్ అన్నది దీన్నే) ప్రయత్నించాలని 1941లోనే అనుకున్నారు. ఇద్దామంటే సరుకేదీ? యుద్ధం వచ్చింది, ఏళ్లు గడిచాయి. చివరికి మెర్క్ కంపెనీ దాన్ని తయారుచేసింది ఎద్దుల పిత్తం నుంచి! పిత్తంలోనే మందు ఉందేమోనని తడుముకున్న మనిషికి మందు పిత్తం దారిలోనే వచ్చింది. ఇలాంటిది దొరికినప్పుడు కాసేపు ఆగాలి. నువ్వేమో బస్సు తప్పిపోతుందన్నట్టు పరిగెత్తావు.

1948 సెప్టెంబరు 21న మొదటి ఇంజెక్షన్. రోగి 29 ఏళ్ల యువతి. మూడు నాలుగు రోజుల్లో నడిచింది, వారం తిరిగేసరికి బజారుకెళ్లి వచ్చింది. దీన్ని నువ్వు 'అద్భుత ఫలితం' అన్నావు. బజారు అన్నాక అద్భుతం అనక్కర్లేదు.

మా వదినకి కండరాల వాపు జబ్బు వచ్చింది. ఇదీ ఆ కోవదే, ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ సొంత కండ మీదే తిరగబడటం. జడ వేసుకుందామంటే చేతులు పైకి లేచేవి కావు. 'నొప్పి లేదే, లేవట్లేదంతే' అనేది. మేం బద్ధకం అనుకున్నాం, ఆ తప్పు నాది కూడా. డాక్టరు చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమన్నాడు. మూడుసార్లు ముందుకి ఊగి, చతికిలబడి, మా వైపు చూసి నవ్వింది. జబ్బు పేరు చెప్పకముందే నాకు అర్థమైపోయింది. పాఠకుడికి నువ్వు ఆ కుర్చీ చూపించాలి.

రెండో వైపు కూడా రాయి. మందు ఆపితే జబ్బు తిరగబెట్టింది, వాడగా వాడగా ముఖాలు ఉబ్బాయి. ఇది జబ్బుని నయం చేసే మందు కాదని హెంచే చెప్పాడు. అది దాచిపెడితే నీ వ్యాసం ప్రకటన అవుతుంది.

యల్లాప్రగడ సుబ్బారావుగారిని ఇందులోకి తేవచ్చా అని అడిగావు. మనవాడు కదా అని మాత్రం తేకు. మందు చీటీ పట్టుకుని వెళ్లు, ఆయనే ఎదురవుతాడు. వదిన వారానికి ఒక్కరోజే వేసుకునే మెథోట్రెక్సేట్ మందు, అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం చేతుల మీదుగా వచ్చింది. కండ దెబ్బతిన్నదా అని రక్తంలో చూసే క్రియేటిన్ కైనేజ్, 1927లో తోటి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి ఆయన బయటపెట్టిన, కండలో శక్తిని నిలవ ఉంచే ఫాస్ఫోక్రియేటిన్ మీద పనిచేసే ఎంజైమే. రోచెస్టర్‌లో ఆ ఇంజెక్షన్ పడటానికి నెలన్నర ముందు, ఆగస్టులో పోయాడాయన. 'నోబెల్ రావాల్సింది' అన్న వాక్యం మాత్రం రాయకు, అందరూ రాసేశారు.

తిరగరాసి పంపు. ఈసారి కామెర్లతో మొదలుపెట్టు.

ఉంటాను.