మళ్లీ ఇన్‌స్టాల్ చేయకు, మాధవీ

చిరంజీవి మాధవికి,

పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. విండోస్ పక్కన లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాక ల్యాప్‌టాప్ ఆన్ కావడం లేదని, రాత్రికి మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేస్తానని రాశావు. ఆ పని మాత్రం చేయకు. అందులో చెడింది బహుశా కొన్ని మెగాబైట్ల భాగం మాత్రమే. రెండోసారి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కంగారులో డిస్క్ మొత్తం చెరిపివేసే ఎంపిక మీద వేలు పడిందంటే మీ నాన్న షాపు లెక్కలన్నీ పోతాయి. వీధి చివరి రిపేరు దుకాణానికి కూడా తీసుకెళ్లకు. అక్కడ ఏ జబ్బుకైనా ఫార్మాటే మందు.

నీ ఆలోచనను తప్పుపట్టడం లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్ కాబట్టి విండోస్ 11 దాన్ని ఒప్పుకోదు. పక్కన లినక్స్ పెట్టుకుందామనుకోవడం తెలివైన పనే.

ముందు ఫైళ్లు కాపాడుకో. ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్ నీ దగ్గరే ఉంది కదా, దానితోనే మింట్ మొదలుపెట్టు. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే డెస్క్‌టాప్ వస్తుంది. అందులోంచి విండోస్ డ్రైవ్ తెరిచి, లెక్కల ఫోల్డర్‌ను బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయి. డ్రైవ్ చదవడానికి మాత్రమే తెరుచుకుంటే కంగారుపడకు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే సౌకర్యం ఉంది, దానివల్ల షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగిపోదు, సగం నిద్రలో ఉంటుంది. అందుకే మింట్ అందులో రాయడానికి జంకుతుంది. మనకు చదవగలిగితే చాలు. డ్రైవ్ తెరవబోతే బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) సంఖ్య అడిగితే, ఆ 48 అంకెల సంఖ్య సాధారణంగా మీ నాన్న మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, వెతికి కాగితం మీద రాసుకో. ఈ కాపీ పూర్తయ్యేదాకా కింది పేరా చదవకు.

ఇక అసలు సంగతి. "ఆన్ కావడం లేదు" అంటే నాకు ఏమీ తెలియదమ్మా. ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చెప్పాలి. కంపెనీ లోగో కూడా రాకపోతే తప్పు ఇన్‌స్టాల్ చేసినదానిది కాదు, అది మెమరీదో బోర్డుదో. లోగో వచ్చి, ఆ తర్వాత బూట్ చేయగల (అంటే సిస్టమ్‌ను మొదలుపెట్టగల) పరికరం లేదని నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వస్తే మాత్రం మన పని ఉంది. ఇలాంటప్పుడు ఇల్లు కూలదు, గుమ్మం కనబడదంతే.

ఆ గుమ్మం రెండు రకాలు. పాత పద్ధతిలో కంప్యూటర్ డిస్క్ మొదటి 512 బైట్లను చదువుతుంది. అందులో బూట్ కోడ్‌కు దక్కేది 446 బైట్లే, మిగతాది డిస్క్‌ను ఎలా పంచారో చెప్పే పట్టిక, చివర చిన్న గుర్తు. కొత్త పద్ధతి యూఈఎఫ్ఐ. అది డిస్క్‌లో ఒక చిన్న ఫ్యాట్32 విభాగాన్ని వెతికి, అక్కడున్న బూట్ ఫైల్‌ను నడుపుతుంది. నీ విండోస్ దాదాపు ఖాయంగా కొత్త పద్ధతిలోనే ఉంది. మరి మింట్ ఏ పద్ధతిలో ఎక్కింది? అది నువ్వు పెన్‌డ్రైవ్‌ను ఎలా మొదలుపెట్టావన్న దాని మీద ఆధారపడుతుంది, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. బూట్ మెనూలో (ఆన్ చేయగానే నొక్కాల్సిన మీట డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9) ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించవచ్చు. ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది, రెండోదాని ముందు ఉండదు. ఆ రెండోది ఎంచుకుంటే ఇన్‌స్టాలర్ తన లోడర్‌ను, అంటే సిస్టమ్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్‌ను, పాత పద్ధతిలో పెడుతుంది. తర్వాత కొత్త పద్ధతిలో మొదలైన ల్యాప్‌టాప్ దాన్ని చూడనే చూడదు.

ఏ పద్ధతిలో మొదలైందో తెలుసుకోవడం తేలిక. పెన్‌డ్రైవ్ మీద మింట్ నడుస్తుండగా మూల ఫోల్డర్‌లోని సిస్, అందులో ఫర్మ్‌వేర్ తెరువు. అక్కడ ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉంటే కొత్త పద్ధతి, లేకపోతే పాతది. పాతదైతే మూసేసి, యూఈఎఫ్ఐ అని ఉన్న వరుసనే ఎంచుకుని మళ్లీ రా. అప్పుడు మింట్ మెనూలో అడ్మినిస్ట్రేషన్ కింద బూట్ రిపేర్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది, ఇంటర్నెట్ కలిపి అది సిఫారసు చేసిన మరమ్మతు చేయించు. పద్ధతి సరిచూసుకోకుండా దాన్ని నడిపితే తప్పు చోటే మళ్లీ తాపీగా రిపేరు చేస్తుంది.

ఏ సందేశమూ లేకుండా నేరుగా విండోస్ వచ్చేస్తుంటే అది జబ్బే కాదు. ల్యాప్‌టాప్ సెట్టింగుల్లో బూట్ వరుసలో విండోస్ బూట్ మేనేజర్ పైన ఉంటుంది, దాన్ని కిందికి దించు. కొన్ని విండోస్ అప్‌డేట్ల తర్వాత అది మళ్లీ పైకెక్కి కూర్చుంటుంది, అలవాటు చేసుకోవాలి. గ్రబ్ రెస్క్యూ అని చిన్న అక్షరాలు వస్తే మింట్ లోడర్ (దాని పేరే గ్రబ్) మొదలైంది కానీ దాని మిగతా ఫైళ్లు దొరకలేదన్నమాట. మధ్యలో ఎవరైనా విభాగాలు చెరిపినా, మార్చినా ఇలా అవుతుంది. దీనికీ బూట్ రిపేరే.

విండోస్, మింట్‌లలో ఏది కావాలో అడిగే మెనూ వచ్చి, మింట్ ఎంచుకున్నాక తెర నల్లగా ఉండిపోతే సాధారణంగా గ్రాఫిక్స్ కార్డు పేచీ. ఎన్‌విడియా ఉన్నవాటిలో ఎక్కువ. మెనూలో మింట్ వరుస మీద ఉండి ఇంగ్లీషు ఇ అక్షరం నొక్కు, లినక్స్ అనే మాటతో మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ (nomodeset) అని కలిపి టైపు చేసి ఎఫ్10 నొక్కు. ఆ మార్పు ఆ ఒక్కసారికే పనిచేస్తుంది. లోపలికి వెళ్లాక డ్రైవర్ మేనేజర్‌తో సరైన డ్రైవర్ పెట్టుకో.

నెట్‌లో విండోస్ రిపేరు పేరుతో ఫిక్స్ ఎంబీఆర్ కమాండ్ ఇవ్వమని కుప్పలుగా సలహాలు దొరుకుతాయి. అది పాత గుమ్మానికి చేసే రిపేరు, నీ ల్యాప్‌టాప్‌కు పనికిరాదు. సెక్యూర్ బూట్‌ను, అంటే నమ్మకమైన లోడర్లనే నడవనిచ్చే సెట్టింగును, కూడా ఊరికే ఆపేయకు. మింట్ దానితోనూ నడుస్తుంది, ఆపితే బిట్‌లాకర్ తాళం అడిగి కొత్త తలనొప్పి తెస్తుంది.

ఇవన్నీ చేసినా కదలకపోతే బూట్ మెనూ ఫోటో ఒకటి, ఆగిపోయిన తెర ఫోటో ఒకటి పంపు. ఫ్లాష్ ఆపి తీయి, లేకపోతే అక్షరాలు కనపడవు. బ్యాటరీ పాతది కాబట్టి పని మొత్తం చార్జర్ పెట్టే చేయి.

పెదనాన్న