అకేడియా జనగణనలో ఒకే మనిషికి రెండు వయసులు ఉంటే ఏది నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీ ఆవిడ వాళ్ళది కెనడాలో మాంక్టన్ దగ్గర అకేడియన్ కుటుంబం, అంటే కెనడా తూర్పు తీరంలో ఒకప్పటి ఫ్రెంచ్ వలస అకేడియాలో స్థిరపడ్డవాళ్ళ సంతతి. వాళ్ళ వంశవృక్షంలో మొట్టమొదటి ఆడమనిషి రాదెగోండ్ లాంబెర్. 1671 జనగణనలో ఆవిడ వయసు 42 అని, 1686లో 65 అని ఉంది. పదిహేనేళ్ళలో ఇరవై మూడేళ్ళు ఎలా పెరిగింది? పైగా ఆవిడ తల్లి అక్కడి మూలవాసులైన మిక్మాక్ తెగ మనిషి అని ఇంట్లో పెద్దవాళ్ళు చెప్తారు, అది నిజమేనా?

ముందే చెప్పేస్తాను: నా లెక్కలో 1686 అంకే నిజానికి దగ్గర, మిక్మాక్ మాట నిలవదు. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మేం హ్యూస్టన్‌లో ఉంటాం. మా కోడలి పుట్టిల్లు లూసియానాలో, లాఫయెట్ వైపు, వాళ్ళదీ ఇదే రాదెగోండ్ సంతతి. మనవడు పుట్టాక వాడి కోసం మా వైపు వంశం రాస్తుంటే వాళ్ళమ్మ వైపు ఖాళీగా వదిలెయ్యడానికి మనసొప్పలేదు. అలా కోడలూ నేనూ కలిసి మొదలుపెట్టాం. దానికి ఫ్రెంచ్ కొంచెం వచ్చు, నాకు ఓపిక ఉంది. ఆ పని చేస్తూ తెలుసుకున్నవే ఇవన్నీ.

అసలు ఆ 1671 జనగణన ఎందుకు పుట్టిందో తెలిస్తే అందులో ఏముంటుందో ఏముండదో తెలుస్తుంది. 1654లో ఇంగ్లీషువాళ్ళు పోర్ట్ రాయల్ పట్టుకున్నారు, ఇప్పటి నోవా స్కోషియాలో అనాపోలిస్ రాయల్ అనే ఊరు అది. 1667 బ్రెడా ఒప్పందంతో ఫ్రాన్స్‌కి తిరిగొచ్చింది. 1670లో గ్రాన్‌ఫోంతేన్ గవర్నర్‌గా దిగి, తన చేతికి ఏం వచ్చిందో లెక్క కావాలన్నాడు. లొరాన్ మొలాన్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఇల్లిల్లూ తిరిగి రాశాడు. మగవాడి పేరు, వృత్తి, వయసు, భార్య పేరు, వయసు, పిల్లలు, ఆవులు, గొర్రెలు, సాగుభూమి. సర్కారుకి కావలసింది ఎంతమంది ఉన్నారు, ఎంత పండుతుంది అన్నదే. ఇల్లాలు ఎప్పుడు పుట్టిందో వాళ్ళకి అక్కర్లేదు. పుట్టిన తేదీ కాగితం ఎవరి దగ్గరా లేదు, నోటిమాటే. ఆ మాట చెప్పింది మొగుడా, పెళ్ళామా, పక్కింటివాళ్ళా అన్నది కాగితం మీద కనపడదు.

మనకి కలిసొచ్చేది ఒకటుంది. ఫ్రెంచ్ రికార్డుల్లో పెళ్ళయిన ఆడవాళ్ళని పుట్టింటి ఇంటిపేరుతోనే రాస్తారు. అందుకే జ్యాన్ బ్లాంషార్ భార్య బ్లాంషార్ కాలేదు, రాదెగోండ్ లాంబెర్‌గానే మిగిలింది. మా ముత్తవ్వ పుట్టింటి ఇంటిపేరు కోసం నేను అడగని బంధువు లేడు, ఇప్పటికీ దొరకలేదు. మూడున్నర శతాబ్దాల కిందటి ఈవిడది మాత్రం ఒక్క వరుసలో దొరికేసింది!

ఇప్పుడు వయసు సంగతి. ఆవిడ వరుస ఒక్కదాన్నే పట్టుకుని ఎంతసేపు చూసినా ఏమీ తేలదు. చుట్టూ ఉన్నవాళ్ళ వరుసలు చదవాలి. 1671లో జ్యాన్ బ్లాంషార్ వయసు 60, 1686లో 75, సరిగ్గా సరిపోయింది. వాళ్ళ అల్లుడు, పెద్దకూతురు మాదలెన్ మొగుడు మిషెల్ రిషార్ 1671లో 41, 1686లో 56, అదీ సరిపోయింది. ఆంత్వాన్ బాబాన్ ఇంట్లో జాన్ అనే పాప 1671లో 3, 1686లో 18, అదీ అంతే. అంటే ఈ రెండు జనగణనలు మొత్తంగా పనికిరానివి కావు. రాదెగోండ్ దగ్గరే తేడా. మరి 42 తప్పా, 65 తప్పా?

పిల్లల వయసులు చూడండి. 1671లో మాదలెన్‌కి 28, ఆన్‌కి 26, మార్తాన్‌కి 24, గియోమ్‌కి 21, బెర్నార్‌కి 18, మారీకి 15. రెండేళ్ళు, రెండేళ్ళు, మూడేళ్ళు, మూడేళ్ళు, మూడేళ్ళు ఎడం, ఎక్కడా గండి లేదు. తల్లికి 42 అయితే పెద్దపిల్ల పుట్టేనాటికి ఆవిడకి 14. సరే, ఆ రోజుల్లో అలాంటి పెళ్ళిళ్ళు ఉన్నాయనుకుందాం. కానీ చిన్నపిల్ల మారీ పుట్టేనాటికి 27, ఆ తర్వాత పదిహేనేళ్ళు కాన్పే లేదు. ఇది నాకు మింగుడు పడలేదు. అదే ఊళ్ళో, అదే ఏడాది, అదే మొలాన్ రాసిన కాగితంలో మిషెల్ బుద్రో భార్య మిషెల్ ఓక్వాన్‌కి 53 ఏళ్ళు, ఆఖరి కొడుక్కి 5. అంటే నలభై ఎనిమిదో ఏట కాన్పు. పక్కిళ్ళ ఆడవాళ్ళు నలభై దాటాక కూడా కంటుంటే, ఆరుగురు పిల్లల్ని చకచకా కన్న మనిషికి 27కే ఆగిపోయిందంటే ఏదో గట్టి కారణం ఉండాలి. 1686 అంకె ప్రకారం వెనక్కి లెక్కేస్తే 1671లో ఆవిడకి 50. పెద్దపిల్ల 22కి, చిన్నపిల్ల 35కి. ఇదైతే మామూలు సంసారంలా ఉంది. ఇద్దరు ముగ్గురు పిల్లలు పోయి ఉండొచ్చు కూడా, పోయిన పిల్లలు జనగణనలో ఎక్కరు కదా.

ఇంకో ఆధారం కూతురి ఇంట్లో ఉంది. మాదలెన్ పుట్టింటి వరుసలోనూ 28, అత్తింటి వరుసలోనూ 28. 1671 జాబితాలో ఇది గొప్ప సౌకర్యం, పెళ్ళై వెళ్ళిపోయిన పిల్లల్ని కూడా తల్లిదండ్రుల కింద వేశారు, వాళ్ళ సొంత ఇళ్ళ దగ్గర మళ్ళీ వేశారు. మనుషుల్ని లెక్కపెట్టేవాళ్ళకి ఇది తలనొప్పి, మనలాంటివాళ్ళకి వరం. మాదలెన్ పెద్దకొడుకు రెనేకి 14 ఏళ్ళు. అంటే ఆ పిల్ల వయసు కూడా ఒకట్రెండేళ్ళు తగ్గించి చెప్పారేమో. ఆమెకి 30 అనుకుంటే, తల్లికి 42 అన్న అంకె అసలు పొసగదు.

ఆ రిషార్ ఇంటి వరుస ఒకసారి నిదానంగా చదవండి. రెనే 14, పియెర్ 10, కతెరిన్ 8, మార్తాన్ 6, అలెగ్జాండ్ర్ 3, ఆ తర్వాత కవల ఆడపిల్లలు ఆన్, మాదలెన్, అయిదు వారాలు. పక్కనే 15 పశువులు, 14 గొర్రెలు, 14 ఆర్పాన్ల భూమి, అంటే పన్నెండు ఎకరాల లోపు. మొలాన్ ఆ గుమ్మంలో నిలబడేసరికి లోపల పచ్చి బాలింత ఉంది, చంకలో ఇద్దరు. ఆ ఇల్లు తాతమ్మ ఇల్లేమో అని మా కోడలు ఆ వరుస దగ్గర చాలాసేపు ఆగిపోయింది. 1686కి వచ్చేసరికి మిషెల్ రిషార్ పక్కన భార్యగా ఉన్నది జాన్ బాబాన్, పైన చెప్పిన ఆ పద్దెనిమిదేళ్ళ పిల్ల. మాదలెన్ ఎప్పుడు ఎలా పోయిందో ఏ కాగితమూ చెప్పదు. రెండు జనగణనల మధ్య పేరు మారింది, అంతే. 1686లో రాదెగోండ్ బతికే ఉంది కాబట్టి, పెద్దకూతురు పోవడం, ఆ ఇంట్లోకి తన మనవరాలి ఈడు పిల్ల రావడం ఆవిడ చూసే ఉంటుంది. ఆవిడ జీవితం గురించి నాకు బాగా గుర్తుండిపోయింది ఇదే.

ఆ కవలల అక్క, ఎనిమిదేళ్ళ కతెరిన్ తర్వాత ఫ్రాన్స్వా బ్రూసార్‌ని చేసుకుంది. వాళ్ళ కొడుకే 1702లో పుట్టిన జోసెఫ్ బ్రూసార్, బోసొలేయ్ అని పిలుస్తారు. 1755లో ఇంగ్లీషువాళ్ళు అకేడియన్లని దేశం నుంచి వెళ్ళగొట్టాక వాళ్ళతో పోరాడి, చెరలో ఉండి, 1765లో ఇంచుమించు రెండువందల మంది అకేడియన్లని లూసియానాకి తీసుకొచ్చినవాడు. లూసియానాలో స్థిరపడ్డ అకేడియన్ల సంతతిని కేజన్లంటారు, ఆయన పేరు తెలియని కేజన్ కుటుంబం ఉండదు. ఆయనకి రాదెగోండ్ అమ్మమ్మ తల్లి. ఇది తెలిసినప్పుడు మా వియ్యపురాలికి ఫోన్ చేసి చెప్తే ఆవిడ గొంతు పూడుకుపోయింది.

వరుస దొరకకపోతే ఆ మనిషి లేదనుకోకండి. 1671లో కొందరు జవాబే చెప్పలేదు. పీపాలు చేసే పియెర్ లానూ, నాకు ఒంట్లో బాగానే ఉంది, వయసు చెప్పను అని కబురంపాడు. ఎతియెన్ రొబిషో అయితే ఇంట్లోంచి వెళ్ళిపోతూ, మా పశువుల లెక్క, భూమి లెక్క ఇవ్వనని భార్య చేత చెప్పించాడు. సర్కారు మనిషొస్తే పన్ను కోసమేనని ఎవరికైనా అనుమానమేగా. గుమ్మంలో నిలబడి ఆ సన్యాసికి జవాబు చెప్పింది ఫ్రాన్స్వాజ్ బుద్రో. మొగుడి మొండితనం వల్ల ఆ ఇంటి వివరాలు పోయాయి. కానీ పుట్టింటి వరుసలో, మిషెల్ ఓక్వాన్ పిల్లల్లో, పెళ్ళైన కూతురు ఫ్రాన్స్వాజ్, 29 అని ఉంది. అందుకే చెప్తున్నాను, ఆడవాళ్ళ కోసం మొగుడి ఇల్లు ఒక్కటే వెతక్కూడదు.

ఇక మిక్మాక్ మాట. చాలా ఆన్‌లైన్ వంశవృక్షాల్లో జ్యాన్ లాంబెర్ అనే ఆయనకీ ఒక మిక్మాక్ స్త్రీకీ పుట్టిన కూతురు అని రాసేస్తారు, ఒకరిని చూసి ఒకరు. ఆవిడ తల్లిదండ్రులెవరో చెప్పే రికార్డు ఒక్కటీ మిగల్లేదు. ఉన్నది ఒక పాత వాంగ్మూలం. ఫ్రాన్స్‌లో బెల్ ఈల్ అన్ మేర్ అనే దీవిలో స్థిరపడ్డ అకేడియన్లు 1767లో తమ వంశాలు చెప్తే రాసుకున్నారు. అందులో బ్లాంషార్ సంతతివాళ్ళు, మా జ్యాన్ బ్లాంషార్ ఫ్రాన్స్ నుంచి భార్యతో వచ్చాడు అని చెప్పారు. భార్య పేరు మాత్రం గియ్‌మెట్ లాంబెర్ అన్నారు. వందేళ్ళ తర్వాత నోటిమాటలో పేరు తారుమారవడం మామూలే, అందుకని ఆ వాంగ్మూలాన్ని పూర్తిగా కొట్టిపారెయ్యను, కళ్ళు మూసుకుని నమ్మను కూడా.

దాన్ని తేల్చింది డీఎన్ఏ. తల్లి నుంచి బిడ్డకి మాత్రమే వచ్చే మైటోకాండ్రియల్ డీఎన్ఏని, రాదెగోండ్ నుంచి కూతురు, కూతురి కూతురు అలా ఆడవాళ్ళ మీదుగానే దిగొచ్చినవాళ్ళలో పరీక్షిస్తే ఎక్స్2బి అనే శాఖ వచ్చింది. ఎక్స్ అనగానే కొందరు ఎగిరి గంతేశారు, అమెరికా మూలవాసుల్లో కూడా ఎక్స్ ఉంటుంది కదా అని. కానీ అక్కడ ఉండేది ఎక్స్2ఏ. ఎక్స్2బి యూరప్ వైపుది. కాబట్టి ఆవిడ తల్లి వైపు మిక్మాక్ కాదు. అకేడియాలో మిక్మాక్ స్త్రీలని పెళ్ళాడినవాళ్ళు నిజంగా ఉన్నారు, వాళ్ళ గీతల్లో ‘ఏ’ (A) అనే మూలవాసుల శాఖ స్పష్టంగా వచ్చింది. మీ ఆవిడకి ఆ రక్తం ఇంకో గీతలోంచి వచ్చి ఉండొచ్చు, ఇంట్లో పెద్దవాళ్ళ మాట అలా కూడా పుట్టి ఉండొచ్చు, అందుకని వాళ్ళతో వాదన పెట్టుకోకండి. ఒక సంగతి, మధ్యలో ఒక్క మగవాడు వచ్చినా ఈ పరీక్ష రాదెగోండ్ గురించి ఏమీ చెప్పదు. మా కోడలి గీత మధ్యలో కొడుకులు ఉన్నారు, అందుకే దాని చేత పరీక్ష చేయించలేదు, డబ్బు దండగ.

మీరు ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఆన్‌లైన్‌లో టైపు చేసి పెట్టిన జనగణన చదివి ఊరుకోకుండా అసలు కాగితం ఫొటో చూడండి. అసలుది ఫ్రాన్స్‌లో ఎక్స్ అన్ ప్రోవాన్స్ అనే ఊళ్ళోని విదేశీ భూభాగాల ఆర్కైవ్స్‌లో ఉంది, కెనడా జాతీయ ఆర్కైవ్స్‌లో ప్రతి ఉంది. పాత చేతిరాతలో అంకెలు చూడగానే అర్థం కావు, కానీ కొన్ని పేజీలు చూశాక కన్ను అలవాటు పడుతుంది. 1686ది ఇంటెండెంట్ దె మ్యూల్ చేయించినది. 1693, 1698, 1700 కూడా పేర్లూ వయసులతో ఉంటాయి. 1703, 1707 నుంచి పెద్దగా ఆశించకండి, 1707లో పద్నాలుగేళ్ళు నిండిన మగపిల్లలు ఇంతమంది, పన్నెండు నిండిన ఆడపిల్లలు ఇంతమంది అని లెక్కే ఉంటుంది. 1714లో భార్యకి పేరే ఉండదు, ఆయన భార్య అంటారంతే, పిల్లల పేర్లు మాత్రం ఇస్తారు. ఆ లోటు తీర్చేది చర్చి రిజిస్టర్లు. పోర్ట్ రాయల్ చర్చివి 1702 నుంచి 1755 దాకా మిగిలాయి, నోవా స్కోషియా ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. పెళ్ళి రాతల్లో రెండు వైపులా తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి, తల్లి పుట్టింటి ఇంటిపేరుతో సహా. గ్రాన్ ప్రే రిజిస్టర్లయితే బహిష్కృతులు మోసుకొచ్చారు, ఇప్పుడు లూసియానాలో బేటన్ రూజ్ డయోసిస్ దగ్గర ఉన్నాయి.

మీకున్న అదృష్టం, మాంక్టన్ యూనివర్సిటీలో అకేడియన్ అధ్యయన కేంద్రం ఉంది. 1636 నుంచి 1714 వరకు ఉన్న కుటుంబాల వంశావళి నిఘంటువు వాళ్ళు 1999లో అచ్చేశారు, రెండు పెద్ద సంపుటాలు, ప్రతి మాటకీ ఏ రికార్డు ఆధారమో రాసి ఉంటుంది. ఫోన్ చేసి వెళ్ళండి, ఇంటిపేరు చెప్తే అక్కడివాళ్ళు దారి చూపిస్తారు.

మీ ఆవిడ వాళ్ళది మాంక్టన్ కాబట్టి ముందు గియోమ్ వైపు చూడండి, 1671లో పెళ్ళికాని ఆ ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు. హ్యుగెట్ గుజోన్‌ని పెళ్ళాడి, 1698 ప్రాంతంలో పెటికోడియాక్ నది దగ్గర కొత్త ఊరు కట్టుకోవడానికి వెళ్ళినవాడు అతనే. మాంక్టన్ ఆ నది ఒడ్డునే కదా.