మల్లన్న కథకు ప్యాడ్ ఎందుకురా అయ్యా?

"మీకు ఇష్టమైన జానపద బృందం తన తీరు మార్చుకుంటే ఎట్ల అనిపించింది?" అని అడిగిండ్రు. నాకైతే బాధ కాదు, కోపం వచ్చింది. ఇప్పటికీ తగ్గలే.

మాది వరంగల్ దిక్కు ఐలోని మల్లన్న గుడి పక్క పల్లె. ఐనవోలు అని బోర్డు మీద ఉంటది గాని మేం ఐలోని అనే అంటం. మా దిక్కు ఒక ఒగ్గు బృందం ఉన్నది, డోలు కొట్టుకుంట మల్లన్న కథ చెప్పేటోళ్లు. పేరు చెప్ప, వాళ్ల పొట్ట మీద కొట్టుడు నాకిష్టం లేదు. పెద్దాయన కథ చెప్తుండె, ఆయన తమ్ముడు డోలు, ఇంకొకాయన ఊదే నపీర, తాళాలు పట్టుకొని వంత పలికేటోళ్లు ఇద్దరు. వాళ్ల కథ ఉన్నదంటే నేను అన్నం మీదికెళ్లి లేచి ఉరికేటోన్ని.

మా మేనత్త ఇంట్ల మల్లన్నకు రంగుల ముగ్గు పరిచి పట్నం వేసిన రాత్రి మధ్యల కరెంటు పోయింది. ఆ రోజులల్ల పోకుంటెనే వింత. లైటు తెచ్చేదాక ఆగుమన్నరు. పెద్దాయన ఆగలే. మల్లన్న పెండ్లాలు మేడలమ్మ, గొల్ల కేతమ్మ సవతుల కయ్యం నడుస్తున్నది. ఇద్దరి గొంతులూ ఆయనవే. చీకట్ల మొఖం కనపడకున్నా ఎవరు తిడుతున్నరో, ఎవరు పడుతున్నరో మాకు ఎర్కైతనే ఉన్నది. ఎక్కడ్నుంచో ఒక ముసలవ్వ "గడ్డి పెట్టు దానికి" అని ఒర్లింది. ఆయన కథ ఇడువకుండనే, కేతమ్మ గొంతుతోనే, "ఉండవ్వా, పెడుతున్న" అన్నడు. డోలాయన నవ్వినట్టు రెండు చిన్న దెబ్బలు వేసిండు. జనమంత పడి పడి నవ్వుడు. అటెన్క పెద్దాయన దమ్ము పట్టుకునేదాక డోలు ఆగింది. ఆ ఆగుడే ఒగ్గు కథ అని నేనంట. మా చిన్నాయిన బ్యాటరీల టేప్‌రికార్డర్‌ల ఆ రాత్రంత పట్టిండు. క్యాసెట్ ఇప్పటికీ నా బీరువల ఉన్నది.

ఇగ రెండేండ్ల కింద సంక్రాంతి జాతర. అదే బృందం, పెద్దాయన కొడుకు కథ చెప్తున్నడు. స్టేజీకి అటొకటి ఇటొకటి మనిషెత్తు స్పీకర్లు. కీబోర్డు, కరెంటుతోని దెబ్బలు పలికే ప్యాడ్. నపీర లేదు, దాని సప్పుడు కీబోర్డుల వస్తదట! డోలు మెడల ఏలాడుతున్నది గాని మైకు దాని దిక్కు లేదు. పెద్దాయన ఒక మూలకు నిలవడి తాళం కొడుతున్నడు. కొడుకు మాట మాటకు ఈయన వంత పలుకుతున్నడు, అలవాటు కొద్దీ కొంచెం ఆగి "ఆఁ" అంటున్నడు. ప్యాడ్ ఆగదు గదా. ఆయన ఆఁ అనేసరికి దెబ్బ దాటిపోతున్నది. ప్యాడ్ కొట్టే పోరడు రెండు మూడు సార్లు ఆయన దిక్కు గుర్రుగ చూసిండు. నాకు ఆ చూపే పట్టుకున్నది, కథ ఏమైందో యాదికి లేదు.

అయిపోయినంక వెనకకు పోయిన. "కాకా, ఇదేం గతి?" అన్న. నొసటి పసుపు బండారి తుడుచుకుంట, "కొడుకా, రాత్రంత కథ చెప్పుమనేటోడు ఏడున్నడు? పోయినేడు మీ బిడ్డ ఫంక్షన్‌కు ఎవలను పిలిచినవ్?" అన్నడు. డీజేను పిలిచిన. మా బామ్మర్ది పెట్టించిండని చెప్పిన. పైసలిచ్చింది నేనే, అది చెప్పలే.

పేరున్న ఒగ్గు కథకులు చుక్క సత్తయ్య, మిద్దె రాములు కూడ పట్నం ముందట చెప్పే కథను స్టేజీ ఎక్కించిండ్రు గదా, మార్పు కొత్తదా అని కొందరు వాదిస్తరు. ఎక్కించిండ్రు. డోలును గూడ ఎక్కించిండ్రు. రాములు 2010ల పోయిండు, సత్తయ్య 2017ల. ఆ తర్వాత అడిగేటోడు లేకుంట పోయిండని నా లెక్క.

ఒగ్గు కథే కాదు. డప్పుకు ఇప్పుడు ఫైబర్ మూత వచ్చింది, మంట పెట్టి కాపుడు లేదు. తోలు మెత్తబడితే నలుగురు మంట చుట్టు చేరి ముచ్చట పెట్టేది, అది పాయె. సద్దుల బతుకమ్మ నాడు హన్మకొండ పద్మాక్షి గుట్ట కాడికి పోతే డీజే సప్పుడుకు ఆడోళ్ల చప్పట్లు వాళ్లకే ఇనపడవు. బతుకమ్మకు చప్పట్లు తప్ప వాయిద్యమే అక్కరలేదని ఎవరికి చెప్పాలె? యూట్యూబ్‌ల జానపదమని వచ్చేటివి పది పాటలు వరుసగ ఇనుండ్రి, అన్నిటి కింద ఒకటే దెబ్బ. మా ఆవిడ నాకు చెవుడు వచ్చిందంటది. స్పీకర్లతోనే వచ్చింది, ఇంకేంతోని వస్తది?

మొన్న ఆ ప్యాడ్ పోరడు ఫోన్ చేసిండు. నంబర్ పెద్దాయనే ఇచ్చిండట. "అంకుల్, మీ దగ్గర పాత క్యాసెట్ ఉన్నదట గదా, పంపుండ్రి. అండ్ల డోలు సప్పుడు మంచిగుంటదట, ప్యాడ్‌ల ఎక్కించుకుంట" అన్నడు.

చూస్త అన్న. ఇంకా పంపలే.