పద్దులు కొట్టేయకు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి కోపంతో చదివాను. బానిసలను మోసుకెళ్లిన బ్రిటిష్ ఓడ జాంగ్ మీదికి తుపాను తెచ్చావు, కెప్టెన్ చేత వికటాట్టహాసం చేయించావు, సముద్రం చేత కన్నీరు పెట్టించావు. ఆ ఓడకు ఇవేవీ అక్కరలేదు. బానిస రోగంతో చస్తే నష్టం యజమానులది. నీళ్లు చాలక తప్పనిసరై సముద్రంలో తోశామంటే తలకు 30 పౌండ్లు బీమా వస్తుంది. 1781 నవంబరు 29న 54 మంది ఆడవాళ్లనూ పిల్లలనూ తోశారు. తరువాత 42 మంది మగవాళ్లను. వాన కురిసి పీపాల్లో నీళ్లు పట్టుకున్నాక కూడా ఇంకో 36 మందిని. ఓడ జమైకా చేరేసరికి 420 గ్యాలన్ల నీళ్లు మిగిలే ఉన్నాయి.

ఆ మిగిలిన నీళ్లు నీ కథలో ఎందుకు లేవు?

ఘోరాన్ని రాసేవాళ్లు ముందు పద్దులు రాయాలన్నది నా మొండిపట్టు. నలభై ఏళ్ల క్రితం పడవ మునక మీద ఒక కథ రాశాను. మునిగినవాళ్ల మూటల్లో దొరికిన వస్తువుల జాబితా అందులో ఉంది. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ జాబితా కొట్టేసి, ఆర్ద్రత చాలలేదంటూ తల్లి ఏడుపు రెండు పేరాలు చేర్చి అచ్చువేశాడు. ఆ సంచిక నేను మళ్లీ విప్పలేదు. ఇప్పటికీ ఏడిపించే కథలకే పెద్దపీట.

1783లో లండన్ కోర్టులో ఇది బీమా తగాదాగానే నడిచింది. గుర్రాలను సముద్రంలో పడేయడం లాంటిదేనన్నాడు ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్. ఒకప్పుడు తానూ బానిసైన ఈక్వియానో ఈ సంగతి బానిసత్వం మీద పోరాడుతున్న గ్రాన్‌విల్ షార్ప్‌కు చేరవేశాడు. షార్ప్ కోర్టులో అన్న మాటలు రాయించి, హత్యానేరం మోపాలని అధికారులకు మొరపెట్టుకున్నాడు. ఒక్కరికీ శిక్ష పడలేదు. కానీ ఆ కాగితాలు మిగిలాయి. 1788లో బ్రూక్స్ అనే ఇంకో బానిస ఓడ పటం అచ్చయింది: మగవాడికి 6 అడుగుల పొడవు, 16 అంగుళాల వెడల్పు చోటు. పటంలో వరుసలూ కొలతలే. అది చూసి ఎందరో కదిలారు. 1807లో బ్రిటిష్ పార్లమెంటు బానిస వ్యాపారాన్ని నిషేధించింది.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ఆ మాట తరువాత. తాడు పట్టుకుని మళ్లీ ఓడెక్కిన మనిషి గురించి ఒకే వాక్యం రాసి వదిలేశావు. ఆ వాక్యం నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. అతను నిజంగా ఉన్నాడు. కోర్టులో అతని మాట వచ్చింది. కథ అక్కడ మొదలుపెట్టు. ఆ రాత్రి అతనికి నీళ్లు ఎవరు పోశారు?