కారు పనులు మీరే చేసుకుని మిగిల్చిన ఆ 22 వేలు ఎక్కడున్నాయి?

ప్రశ్న: మాది గుంటూరు. ప్రైవేటు ఉద్యోగం, జీతం చేతికి 36 వేలు వస్తుంది. మూడేళ్ల కిందట 2013 నాటి పెట్రోల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కడగడం, ఇంజిన్ ఆయిల్ మార్చడం, ఫిల్టర్లు, వైపర్లు, బ్యాటరీ పనులు అన్నీ వీడియోలు చూసి నేనే చేసుకుంటున్నాను. గత రెండేళ్లలో 22 వేలు మిగిల్చానని నా లెక్క. పోయిన నెల అమ్మను చెకప్‌కి విజయవాడ తీసుకెళ్లి వస్తుంటే మంగళగిరి దాటాక టెంపరేచర్ లైటు వెలిగింది. ఇల్లు దగ్గరే కదా అని నడిపాను, కాసేపటికి బండి ఆగిపోయింది. రేడియేటర్‌లో మొదటి నుంచీ బోరు నీళ్లే పోస్తున్నాను. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్‌కీ కింది భాగానికీ మధ్య బిగించే పలుచటి సీలు) పోయింది, 32 వేలు అవుతుందన్నాడు మెకానిక్. బ్యాంకులో 11 వేలున్నాయి. ఒక లోన్ యాప్ 35 వేలు ఇస్తానంటోంది. వడ్డీ నెలకు 3 శాతమే, ఆరు నెలలు 6,900 చొప్పున కట్టగలను. తీసుకోనా? లేక 9 వేలు పెట్టి టూల్ కిట్, ప్రెజర్ వాషర్ ఈఎంఐలో కొనుక్కుని నేనే విప్పి బిగించుకోనా? ఇన్సూరెన్స్ ఈ నెల 24తో అయిపోతుంది. థర్డ్ పార్టీ ఒక్కటే కడితే 3,800 తగ్గుతుంది. అలా చేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరం మొత్తం రెండుసార్లు చదివాను, దానితో పంపిన ఫొటో, స్క్రీన్‌షాట్ కూడా చూశాను; పైన వేసింది అందులో కొంతే. కారు కొన్న రోజు నుంచి పైసా పైసా లెక్క రాసుకున్న మనిషి మీరు. ఆయిల్ మార్పుకి షెడ్డులో ఎంత అడుగుతారు, మీకు ఎంతయింది, నెలకు రెండు వాటర్ వాష్‌ల డబ్బు ఎంత ఆగింది, అన్నీ పుస్తకంలో ఉన్నాయి. ఆ పుస్తకంలో లేనిది ఒక్కటే. ఆ 22 వేలు ఇప్పుడు ఎక్కడున్నాయి?

ఈ తప్పు మీ ఒక్కరిదే కాదు. ఇంటికి సున్నం తామే వేసుకునేవాళ్లు, మిషన్ మీద బట్టలు తామే కుట్టుకునేవాళ్లు, ఏసీ ఫిల్టర్లు తామే కడుక్కునేవాళ్లు ఎంతోమంది ఇదే మాట అంటారు: ఇంత మిగిలింది. మిగల్లేదండీ. ఖర్చు కాలేదు, అంతే. ఖర్చు కాని డబ్బు జీతం ఖాతాలోనే పడి ఉంటుంది. పండక్కి బట్టలు, పిల్లల ట్యూషన్, ఆదివారం బిర్యానీ, ఏదో ఒకటి వచ్చి దాన్ని తినేస్తుంది. ఆయిల్ మార్చిన రోజు సాయంత్రమే ఆ తేడా 1,150 రూపాయలను వేరే ఖాతాలో వేసుంటే, కారు కడిగిన ప్రతి ఆదివారం 350 అందులో పడుంటే, ఈ రోజు మెకానిక్ 32 వేలన్నప్పుడు మీకు తక్కువపడేది 10 వేలు. నాకు ఉత్తరం రాయాల్సిన పనే ఉండేది కాదు.

ముందు లోన్ యాప్ సంగతి తేల్చేద్దాం. వద్దు. నెలకు 3 శాతమే అని మీరు రాసినచోట నాకు నిజంగా కోపం వచ్చింది, మీ మీద కాదు, ఆ అంకెను అలా చూపించిన వాళ్ల మీద. 35 వేల మీద నెలకు 3 శాతం అంటే 1,050. ఆరు నెలలకు 6,300. మీరు నెలనెలా అసలు కొంత తీరుస్తున్నా, వాళ్లు మాత్రం చివరి నెల దాకా 35 వేల మీదే వడ్డీ వేస్తున్నారు. పైగా మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో కింద చిన్న అక్షరాల్లో ప్రాసెసింగ్ ఫీజు 2,500 ఉంది. చేతికొచ్చేది 32,500, తిరిగి కట్టేది 41,400. ఆరు నెలలకు 8,900. తగ్గుతున్న అసలు మీద లెక్క కడితే ఏడాదికి 85 శాతం దాటుతుంది. ఊళ్లో అయిదు రూపాయల వడ్డీ అంటే గుండె మీద చెయ్యి వేసుకుంటాం, ఇది ఏడు రూపాయల పైన.

రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబర్‌లో డిజిటల్ అప్పులకు నిబంధనలు పెట్టింది. ఏడాది మొత్తం ఖర్చు ఎంత శాతమో ముందే రాసి చూపాలి, డబ్బు నేరుగా అప్పు తీసుకునేవారి ఖాతాలోనే పడాలి, ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోల జోలికి పోకూడదు. మీ యాప్ కాంటాక్టులకు అనుమతి అడిగిందని మీరే రాశారు. అక్కడే ఆగిపోవాల్సింది. 2020 చివర్లో హైదరాబాద్‌లో ఇలాంటి యాప్‌ల వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్న వాళ్ల వార్తలు మనమంతా చదివాం. ఈ రాత్రికే దాన్ని ఫోన్‌లోంచి తీసేయండి.

క్రెడిట్ కార్డు మీద నగదు తీయడం కూడా అదే కోవ. తీసిన రోజు నుంచే వడ్డీ, నెలకు సుమారు 3.5 శాతం. పీఎఫ్ జోలికి వెళ్లకండి. కారు ఇప్పుడున్న స్థితిలో అమ్మితే పాత ఇనుము ధర పలుకుతుంది కాబట్టి అదీ ఇప్పుడు కాదు.

మరి ఏం చేయాలి? నెలకు 6,900 కట్టగలనని మీరే అన్నారు. అంటే మీ ఇంట్లో నెలకు 6,900 మిగలగలదు. యాప్ వాడికి కట్టగలిగింది మీకు మీరు కట్టుకోలేరా? మీరు ఆఫీసుకు బైక్ మీదే వెళ్తారు, కారు కావాల్సింది అమ్మ చెకప్‌కి, అదీ నెలకోసారి. వచ్చే చెకప్‌కి ఒక్కసారి అద్దె కారు మాట్లాడుకోండి. బండి ఒక నెల ఆగనివ్వండి.

నా లెక్క ఇది. ఉన్న 11 వేలలో 5 వేలు ముట్టుకోవద్దు. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే కౌంటర్‌లో కట్టడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. మిగతా 6 వేలు, వచ్చే జీతంలోంచి 6,900, కలిపి 12,900. తక్కువపడే 19 వేలకు బ్యాంకులో బంగారం మీద అప్పు తీసుకోండి, మూడు నెలల్లో అదే 6,900 చొప్పున తీర్చేయండి. ఏడాదికి 10 శాతం అనుకున్నా వడ్డీ నాలుగు వందలు దాటదు. అయిదో నెల, ఆరో నెల 6,900 మాత్రం ఆపకండి, అవి వేరే ఖాతాలోకి వెళ్లాలి. ఆరు నెలలు గడిచేసరికి కారు తిరుగుతుంటుంది, అప్పు ఉండదు, చేతిలో సుమారు 20 వేలుంటాయి. యాప్ దారిలో వెళ్తే అదే రోజుకి ఉండేది పదకొండున్నర వేలు.

ఆ 20 వేలు మళ్లీ జీతం ఖాతాలో ఉంచితే మనం మొదటికే వస్తాం. ఇంకో బ్యాంకులో ఖాతా తెరవండి, ఏటీఎం కార్డు తీసుకోవద్దు, ఫోన్‌లో యూపీఐకి కలపొద్దు. 30 వేలయ్యే దాకా అది కారుకీ ఆసుపత్రికీ తప్ప ఇంక దేనికీ కాదు. ఆ తర్వాత మూడు నెలల ఇంటి ఖర్చు, మీ లెక్కల్లో సుమారు 80 వేలు, అక్కడికి చేరే దాకా ఆపొద్దు. పన్నెండేళ్ల కారున్న ఇంటికి ఇది మిగతావాళ్ల కంటే ఎక్కువ అవసరం. గ్యాస్కెట్ అయింది, రేపు క్లచ్ ప్లేటు, ఎల్లుండి టైర్లు. ఎప్పుడో తెలియదు గానీ వస్తాయి.

మీరే విప్పి బిగించడం గురించి. హెడ్ విప్పాక దాన్ని లేత్ షాపులో ఫేసింగ్ పట్టించాలి, అంటే అడుగు సమంగా చెక్కించాలి, బోల్టులు ఇంత బిగువు అని లెక్క ప్రకారం టార్క్ రెంచ్‌తో వరసగా బిగించాలి. అది ఇంటి ముందు చేసే పని కాదు. బ్రేకులు, స్టీరింగ్, పెట్రోల్ పైపులు కూడా అంతే. డిక్కీలో వచ్చే జాకీ టైరు మార్చడానికే. దాని మీద బండిని నిలబెట్టి కిందికి దూరి ఆయిల్ ప్లగ్గు విప్పుతున్న ఫొటో పంపారు చూడండి, దయచేసి ఇంకెప్పుడూ అలా చేయకండి. ఆయిల్ మార్చాలంటే ముందు రెండు జాక్ స్టాండ్లు, అంటే ఎత్తిన బండిని మోసే ఇనుప స్టాండ్లు, కొనండి. టూల్స్ మీద పెట్టాల్సిన డబ్బు ఏదైనా ఉంటే అది వాటికే.

ప్రెజర్ వాషర్ ఈఎంఐ వద్దు. 9 వేల వస్తువుకి నెలకో కిస్తీ పెట్టుకుంటే కారు కడిగి ఆదా చేసేది దానికే పోతుంది. రెండు బకెట్లు, ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో బట్ట జాడించే నీళ్లు. ముందు పైనుంచి మంచినీళ్లు పోసి దుమ్ము జారనిచ్చి ఆ తర్వాతే బట్ట పెట్టాలి. పాత బనీనుతో పొడి దుమ్ము తుడిస్తే అందులో చిక్కిన ఇసుక రేణువు పెయింటు మీద గీతలు గీస్తుంది, ఎండలో నిలబెట్టి చూస్తే సాలెగూడులా కనిపిస్తాయి. గిన్నెల సబ్బు వాడుతున్నానన్నారు, అది పాలిష్ పొరను లాగేస్తుంది. ఇంకొకటి, వైపర్ల కింద జాలీ దగ్గర వేపాకులు ఇరుక్కుంటే వానాకాలం నీళ్లు లోపలికి దిగుతాయి. నెలకోసారి అక్కడ చేత్తో తీసేయండి, పైసా ఖర్చు లేదు.

బోరు నీళ్ల విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. మన వైపు బోరు నీళ్లు పోసిన బిందె అడుగున నెల తిరక్కుండా తెల్లగా సున్నం పేరుకుంటుంది. రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ అదే పేరుకుంది. రేడియేటర్‌లో పోయాల్సింది కూలెంట్ అనే ద్రవం. అది తుప్పు పట్టనివ్వదు, నీళ్ల కంటే ఆలస్యంగా మరుగుతుంది. మీరు ఆపుకున్నది రెండేళ్లకు వెయ్యి రూపాయల కూలెంట్. ఎర్ర లైటు వెలిగిన చోటే పక్కకు తీసి ఇంజిన్ ఆపుంటే బహుశా గొట్టమో థర్మోస్టాటో మార్చుకుని బయటపడేవారు. ఇకమీదట కూలెంట్, బ్రేక్ ఆయిల్, టైర్లు, ఈ మూడింటిలో ఆదా చూడకండి.

ఇన్సూరెన్స్. ఓన్ డ్యామేజ్, అంటే మీ సొంత బండి నష్టానికి వర్తించే భాగం, తీసేయవద్దు. ఈ గ్యాస్కెట్ ఖర్చు మామూలు పాలసీ ఇవ్వదు, అరుగుదలకీ ఇంజిన్ చెడిపోవడానికీ అది వర్తించదు. అందుకే అత్యవసర నిధి గురించి ఇంతసేపు చెప్పాను. కానీ ప్రమాదం, దొంగతనం, మంటలు, వరద, వీటికి మీ 20 వేల నిధి చాలదు. 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నవాళ్లకు తమ బండి కోసం ఒక్క రూపాయి రాలేదు. థర్డ్ పార్టీ అనేది మీ కారు తగిలి ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి. వెయ్యి సీసీ లోపు కారుకి దాని ధర 2022 జూన్‌లో 2,094గా నిర్ణయించారు, పన్ను అదనం. మీ బండికి ఏదైనా జరిగితే ఆదుకునేది మీరు తీసేద్దామంటున్న ఆ 3,800 మాత్రమే.

పదేళ్లు దాటిన కారుకి ఇనుప భాగాల మీద సగం, ప్లాస్టిక్, రబ్బరు మీద సగం కోసేస్తారు, నిజమే. అయినా పూర్తిగా పోయినప్పుడు పాలసీలో రాసిన విలువ చేతికొస్తుంది. మూడేళ్లుగా క్లెయిమ్ చేయలేదు కాబట్టి మీకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 35 శాతం తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్ రావాలి, రెన్యూవల్ కాగితంలో అది పడిందో లేదో చూసుకోండి. చిన్న గీతలకు క్లెయిమ్ చేసి దాన్ని పోగొట్టుకోకండి, అలాంటివి మీరే రుద్దుకోండి, మీ చేతికి అలవాటైన పనే. యజమానికి 15 లక్షల ప్రమాద బీమా కూడా అందులో ఉందో చూడండి. అమ్మగారికి ఆరోగ్య బీమా గురించి మీరేమీ రాయలేదు, ఆఫీసు పాలసీలో ఆవిడ పేరు ఉందో లేదో రేపే హెచ్ఆర్‌ని అడగండి.

ఈ వారం చేయాల్సినవి. ఇంకో షెడ్డులో కూడా అంచనా రాయించండి, గ్యాస్కెట్, ఫేసింగ్, రేడియేటర్ శుభ్రం, కూలెంట్, ఆయిల్, కూలి అన్నీ విడివిడిగా. సామాన్లు మీరే విజయవాడ ఆటోనగర్‌లో కొనుక్కొచ్చి ఇస్తే బిగిస్తారా అని అడగండి, బిగిస్తామంటే బిల్లు మీ చేతిలో ఉంటుంది. డిప్‌స్టిక్, అంటే ఇంజిన్ ఆయిల్ కొలిచే పుల్ల, తీసి చూడండి. ఆయిల్ టీ రంగులో నురగలా ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టే, ఆ పళంగా నెల రోజులు వదిలితే సిలిండర్లు తుప్పు పడతాయి. ముందు మెకానిక్‌తో నీళ్లు, ఆయిల్ తీయించి పెట్టండి. బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయండి. పాలసీ మాత్రం 24 దాకా ఆగకుండా జీతం పడిన రోజే కట్టేయండి, షెడ్డులో ఉన్న కారుకి కూడా.