‘చార్జ్’ అన్న మాట ఎదురైతే

అమ్మాయీ,

నువ్వు పంపిన అనువాద కథ చదివాను. హాయిగా సాగింది. ‘ఆయా తన చిన్న బాధ్యతతో పార్కుకు వెళ్ళింది’ అన్నచోట మాత్రం ఆగిపోయాను. మూలంలో అక్కడ ‘చార్జ్’ అని ఉండి ఉంటుంది. ఇంగ్లిషులో ఆ మాటకు, ఒకరి చేతికి అప్పజెప్పిన పిల్లాడు అనే అర్థం కూడా ఉంది. ‘తను చూసుకునే పిల్లాణ్ణి తీసుకుని వెళ్ళింది’ అంటే చక్కగా సరిపోయేది.

లాటిన్‌లో ‘కర్రుస్’ అంటే బండి. దాన్నుంచి బండికి సరుకెత్తడం అనే క్రియ పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులోకొచ్చి ‘చార్జ్’ అయింది. కారు, క్యారీ, కార్గో దీని చుట్టాలే. కెరీర్ కూడా మొదట బండ్లు నడిచే బాటే. ఇటలీ నుంచి వచ్చిన క్యారికేచర్ చూడు, ఎంత ముచ్చటైన మాటో! ఉన్న ముక్కుకు ఇంకాస్త ఎక్కించి గీసే బొమ్మ అది.

ఈ ‘ఎత్తడం’ పట్టుకుంటే మిగతావి వాటంతటవే విడిపోతాయి. తుపాకీలో మందు కూరినా, బ్యాటరీకి కరెంటు ఎక్కించినా చార్జే. మనిషి మీద ఖర్చు పడినా, నేరం పడినా, ఉద్యోగ భారం పడినా చార్జే. లాఠీచార్జిలోని మీదపడటం కూడా ఈ కుటుంబంలోదే.

తెలుగు ఈ దారిలో ఎప్పటినుంచో నడుస్తోంది. మనం నింద మోపుతాం, కేసు మోపుతాం, జనం మీద పన్ను భారం మోపుతాం, ఇంటి బాధ్యత నెత్తికెత్తుకుంటాం. ఇంత సొమ్ము చేతిలో ఉండగా ‘అతను హత్యతో అభియోగించబడ్డాడు’ అని ఎందుకమ్మా? ‘అతని మీద హత్యానేరం మోపారు’ అను. ముందు ఎవరి మీద ఏం పడుతోందో చూసుకుంటే క్రియ దానంతటదే వస్తుంది.

అలాగని బస్సు చార్జీని ‘ప్రయాణ రుసుము’ చెయ్యకు. కండక్టరూ అనడు, టికెట్టు కొనేవాళ్ళూ అనరు. మన నోట పడ్డాక ఈ మాటలు మన దారి పట్టాయి. ‘ఫోన్‌లో చార్జింగ్ లేదు’ అంటాం. ఇంగ్లిషులో చార్జింగ్ అంటే ఎక్కించే పని, మనకది ఫోన్‌లో ఉండే సరుకు. నాకది తప్పనిపించదు, ఎంతో ఇష్టం. ఆఫీసుల్లో ‘ఇన్‌చార్జి’ అంటే చాలాసార్లు అసలు అధికారి వచ్చేదాకా ఆ కుర్చీలో ఉన్నవాడు. కాబట్టి ఇంగ్లిషు కథలో వార్డును నడిపే నర్సును ‘ఇన్‌చార్జి నర్సు’ అంటే, ఆమె తాత్కాలికం అనుకునే ప్రమాదం ఉంది.

ఇంకొకటి. రెండో పేజీలో సైనికుడు ‘డిశ్చార్జ్ అయ్యాడు’ అని వదిలేశావు. ఎత్తిన బరువు దించడమే డిశ్చార్జ్, నిజమే. కానీ మన పాఠకుడికి ఆ మాట వినగానే ఆస్పత్రే గుర్తొస్తుంది. అతను సైన్యం నుంచి బయటికొచ్చాడు. గౌరవంగా పంపారా, తప్పు చేశాడని తీసేశారా? ఊరివాళ్ళు అతన్ని చూసే చూపంతా దాని మీదే ఆధారపడి ఉంది. మూలం మళ్ళీ చూసి ఆ వాక్యం తిరగరాసి పంపు.

ఆశీస్సులతో.